పాత టాకీలో ఒంటి తుమ్ము

పాత సినిమాల శబ్దం బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి సార్?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. సాఫ్ట్‌వేర్ నేర్పే వీడియోలు మీ ఫోన్లలోనే కావలసినన్ని ఉన్నాయి. మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మీ కుర్చీ వెనక నిలబడి ఒక పెద్దమనిషి "ఇది తీసెయ్" అంటే ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకు జవాబు ఏ వీడియోలోనూ దొరకదు. నా ఉద్యోగమంతా దానితో తగాదా పడుతూనే గడిచింది.

మద్రాసులో మొదలుపెట్టాను, దుబాయ్‌లో ముగించాను. మధ్యలో ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఏ శాలువా కప్పారో రాయబోను. అవి చదివి ఎవరూ బాగుపడిన దాఖలా లేదు.

నేను పెరిగింది వాదన చేసే ఇంట్లో. మా నాన్న ఆదివారమైతే చాలు, మమ్మల్ని ఊరి గ్రంథాలయంలో జరిగే చర్చలకు తీసుకుపోయేవాడు. ముహూర్తాల మీద, జాతకాల మీద, వితంతు వివాహం మీద అక్కడ గొంతులు పగిలేలా వాదించుకునేవారు. మా నాన్న మాత్రం లేచి నిలబడి ఒక్క మాట అడిగి కూర్చునేవాడు. "రుజువేది?" ఆ అలవాటు నాకూ అంటుకుంది. దానివల్ల స్నేహితులకంటే అధికారుల కోపమే ఎక్కువ సంపాదించుకున్నాను. అందుకు విచారం లేదు.

శుభ్రం చేయడమనే జబ్బు

ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. పాత ఫిలిం అంచున శబ్దం ఒక సన్నని గీతగా ఉంటుంది. ఆ గీత మీద గీరలు పడతాయి, దుమ్ము చేరుతుంది, మచ్చలు వస్తాయి. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి వింటే మాటల కంటే చిటపటలు, గరగరలే ఎక్కువ వినపడతాయి. వాటిని తగ్గించి మాటను పైకి తేవడమే మా పని.

ఇంతవరకూ అందరికీ అర్థమవుతుంది. ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరికీ అర్థం కాదు. మద్రాసులో ఒక నిర్మాత పాత పాటల్లో గాయని ఊపిరి తీసుకునే చప్పుడు వినపడుతోందని, దాన్ని తీసెయ్యమని పట్టుబట్టాడు. తీశాం. చరణాలన్నీ ఊపిరి లేకుండా ఒక మనిషి పాడినట్టు వచ్చాయి. వింటుంటే మనకే ఉక్కిరిబిక్కిరి. ఆయన చప్పట్లు కొట్టాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. మన యజమానుల్లో చాలామందికి శబ్దం వినడం రాదు. తమకు నచ్చనిది కనిపెట్టడం మాత్రం బాగా వచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. కరోనా ఇంకా పూర్తిగా పోని రోజులు. దుబాయ్ గోడౌన్ల పేట అల్ ఖూజ్‌లో ఒక గోడౌనులో మా ఆఫీసు. ఇటుపక్క టైల్స్ కోసే వర్క్‌షాపు, అటుపక్క కూలీల బస్సులు ఆగే చోటు. ఆ రొద మధ్య అట్టలు, దూది దట్టించిన గదుల్లో కూర్చుని ఇంగ్లండు పెద్దమనుషుల హాళ్లలోని నిశ్శబ్దాన్ని బాగుచేసేవాళ్లం.

ఆ సినిమా

టాకీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంగ్లండులో తీసిన హత్య కథ అది. అంతకుముందు నాటకంగా ఆడింది. ఒప్పందం ప్రకారం పేరు చెప్పకూడదు, చెప్పను. నాటకాన్ని ఎత్తుకొచ్చి కెమెరా ముందు పెట్టారని చూడగానే తెలిసిపోతుంది. కథంతా ఒకే హాలులో నడుస్తుంది. పాత్రలు తలుపు తీసుకుని వస్తారు, చెప్పవలసింది చెప్పి తలుపు తీసుకుని పోతారు. కెమెరా చప్పుడు మైకులో పడుతుందని ఆ రోజుల్లో దాన్ని ఒక పెట్టెలాంటి గదిలో మూసి ఉంచేవారు, అందుకని అది కదలదు. నటులూ కదలరు. మైకు పూలజాడీలో దాచి ఉంటుంది కాబట్టి ఎంత రహస్యమైనా ఆ జాడీ చుట్టూ చేరే చెప్పుకుంటారు. మాటకీ మాటకీ మధ్య నాటకం వాళ్ల పద్ధతిలో పొడుగాటి విరామాలు. నేటి కుర్రకారు చూస్తే ఆవులిస్తారు. నాకు మాత్రం ఆ సినిమా అంటే గౌరవం. ఎందుకో చెబుతాను.

ఒక ముసలి ధనవంతుడు. ఇంట్లో మరదలు, మేనల్లుడు, సెక్రటరీ. వచ్చిపోయే డాక్టరు ఒకడు. మరదలు రైలుకి వెళ్లాలి. లేచి నిలబడి, "ఇక నేను బయలుదేరుతాను" అంటుంది. ఆ మాట మీద కిటికీ తెర వెనక నుంచి ఒక తుమ్ము వినపడుతుంది. ఒకే ఒక్క తుమ్ము. మనకు మనిషి కనపడడు. బయట నౌకరు తుమ్మాడనుకుని ఆమె వెళ్లిపోతుంది. కాసేపటికి ముసలాయనను ఎవరో కాల్చి చంపుతారు. పనిమనిషి ఇది దెయ్యం పని అంటుంది. ఇన్‌స్పెక్టరు ఆమె మాట విని తల ఊపి, నేరుగా వెళ్లి తెర కింద బురద అడుగు ఉందేమో చూస్తాడు. చివరి అంకంలో, మరదలు చెప్పిన తుమ్మును పట్టుకుని అందరినీ కూర్చోబెట్టి, తెర పక్కన ఉండే తెల్ల లిల్లీల జాడీని ఒక్కొక్కరి ముందుకూ తీసుకెళ్తాడు. హత్య జరిగిన సమయానికి రైల్వే స్టేషనులో ఉన్నానని ప్రమాణాలు చేసిన డాక్టరు వాటి వాసనకి తుమ్ముతాడు. అదే తుమ్ము. అక్కడితో అతని అబద్ధం బయటపడుతుంది.

కోర్టులో నిలబడే రుజువు కాదనుకోండి. అయినా చూడండి, మాట్లాడే సినిమా పుట్టిన కొత్తలోనే ఒకాయనకి తట్టింది, కనపడని మనిషిని వినిపించి పట్టించవచ్చునని! దెయ్యం అన్నవాళ్ల ముందు పూలజాడీ పెట్టి తేల్చుకోవచ్చునని!

ఈ సినిమా శబ్దం చూసింది రజిత. జగిత్యాల వైపు అమ్మాయి. భర్త షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లారీల గ్యారేజీలో ఎలక్ట్రీషియను. అతని ఉద్యోగానికి కుటుంబ వీసా రాదు కాబట్టి పాప వీసా రజిత ఉద్యోగం మీదే ఉండేది. షార్జాలోనే రోలా పేటలో ఇంకో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాటులో ఉండేవాళ్లు. పాప అక్కడే బడికి పోయేది.

మాకు వచ్చిన కాపీలో ఆ తుమ్ము దాదాపు వినపడేది కాదు. తెర వెనక, మైకుకి దూరంగా తుమ్మాడు, దాని మీద ఇన్నేళ్ల గరగర పేరుకుంది. యంత్రానికి వదిలేస్తే దాన్ని కూడా చెత్త కింద ఊడ్చేసేది. రజిత యంత్రాన్ని పక్కన పెట్టి చేత్తో, కొంచెం కొంచెంగా, చుట్టూ ఉన్న గరగర తీసుకుంటూ పోయింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది.

"ఇనుండ్రి సార్. తెరెన్క ఎవడో ఉన్నడు."

విన్నాను. నిజంగానే ఉన్నాడు.

కొత్త గది ప్రారంభం

మా మేనేజరు భాస్కర్. కాకినాడ మనిషి. ఆఫీసులో అందరూ అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అనేవాళ్లు. చెడ్డవాడు కాదు. ఒకరి ఇంట్లో జబ్బు చేస్తే కారిచ్చి పంపేవాడు. కానీ రాహుకాలంలో మెయిల్ పంపడు. సర్వరు గదిలో నిమ్మకాయ కుళ్లి వాసన వచ్చినా కొత్త నిమ్మకాయ దొరికేదాకా పాతది తీయనివ్వడు. నేనేదైనా అంటే, "మీ నమ్మకం మీది, మా నమ్మకం మాది మాష్టారూ" అని నవ్వేవాడు. నాది నమ్మకం కాదు బాబూ, ప్రశ్న అని ఎన్నిసార్లు చెప్పినా ఆ నవ్వే.

పెద్ద స్పీకర్లతో కొత్తగా ఒక వినికిడి గది కట్టించాడు. దాని ప్రారంభానికి బయటి పెద్దలను పిలిచి ఈ సినిమాలోంచి కొంత భాగం వినిపించాలని ఏర్పాటు. గుమ్మానికి మామిడాకులు, తలుపు ముందు గుమ్మడికాయ, గోడలకి పసుపు. స్పీకరు లోపలి పొర మీద కుంకం బొట్టు పెట్టబోతుంటే నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చెక్క మీద పెట్టుకోమన్నాను. రాజీ కుదిరింది.

అతిథులు రాకముందు ఒకసారి వేసి చూస్తున్నాం. అందరికీ మాస్కులు. భాస్కర్ ఫోను మోగింది.

"గేటు దగ్గరికి వచ్చేశారంటండి. నేను బయలుదేరుతున్నా," అని లేచాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద మరదలు కూడా బయలుదేరింది. పెద్ద స్పీకర్లలోంచి, గది నాలుగు మూలలా, డాక్టరు తుమ్మాడు.

భాస్కర్ లేచినవాడు లేచినట్టే కూర్చున్నాడు. "ఎవరది?"

అందరం మాస్కులు సర్దుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"సినిమాల సార్," అంది రజిత. "డాక్టరు తుమ్మిండు."

"సినిమాలోదైతే మాత్రం తుమ్ము తుమ్ము కాదేంటమ్మా? మంచినీళ్లు తెప్పించండి."

నీళ్లు తెప్పించారు. మాస్కు దించుకుని తాగాడు. అతిథులు బయట ఎండలో నిలబడి ఉన్నారు. లేవడు. ఒంటి తుమ్ముకి కాసేపు ఆగాలట!

"అది తీసెయ్యమ్మా," అన్నాడు రజితతో. "కొత్త గది, మొదటి సినిమా, బయలుదేరుతానన్న మాట మీద ఒంటి తుమ్ము. అలాక్కుదరదు."

"కథంతా దాని మీదే ఉందయ్యా," అన్నాను. "తుమ్మింది హంతకుడు."

"అయితే మరీ మంచిది కాదండి."

"ఒకటైతేనే దోషమా? రెండైతే?"

"రెండైతే ఫర్లేదండి. రెండో తుమ్ము శుభమే."

"అయితే డాక్టరు చేత ఇంకోసారి తుమ్మిద్దామా?"

నేను వెటకారంగా అన్నాను. ఆయన నిజమనుకున్నాడు. రజిత వైపు తిరిగి, "చెయ్యొచ్చంటావా?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని చూపు.

"ఇయ్యాల్టి మందమే తీసేయమంటున్నరా సార్?"

"ఇవాళ్టికేనమ్మా. మళ్లీ పెట్టేద్దువుగాని. యల్లా, కానీ."

ఆమె తీసేసింది. నేను వద్దంటూనే ఉన్నాను. నా మాట గాలికి పోయింది. పాత సినిమాలో ఒక శబ్దం కోస్తే అక్కడ గుంట పడుతుంది, ఎందుకంటే ఆ సినిమాలో నిశ్శబ్దానికి కూడా ఒక సన్నని హోరు ఉంటుంది. ఆ గుంటలో అదే హాలు హోరు ఇంకోచోటి నుంచి తెచ్చి అతకాలి. అతిథులు మెట్లెక్కే లోపు రజిత అతికింది. నేను విన్నాను. అతుకు తెలియలేదు. మరదలు ఏ ఆటంకమూ లేకుండా రైలుకి వెళ్లిపోయింది. అతిథులు బిర్యానీ తిని మెచ్చుకుని వెళ్లారు.

మూడు సాకులు

కొన్నాళ్లకి లండన్ నుంచి హెలెన్ ఫోను చేసింది. ఆ సినిమా హక్కులున్న సంస్థ తరఫున పని చూసే పెద్దావిడ. గొంతులో కోపం కంటే విస్మయం ఎక్కువ ఉంది.

"మీరు పంపిన ప్రతిలో ఇన్‌స్పెక్టరు ఆ తుమ్మినదెవరని అడుగుతున్నాడు. మా వాళ్లందరూ ఏ తుమ్ము అని అడుగుతున్నారు."

తుమ్మున్న ప్రతి సిద్ధంగా ఉంది, రజిత ఎప్పుడో చేసి పెట్టింది. మరి ఇది ఎలా పోయింది? భాస్కర్ గదిలోకి వెళ్లి అడిగాను.

"నేనే పంపానండి. ప్రారంభం నాడు వేసిన ఫైలు. ఎంతో శుభంగా మొదలైంది కదా, మొదటిసారి అదే వెళ్తే మంచిదని పంపాను. వెనకాలే రెండోది పంపుదామనుకున్నా. మర్చిపోయానండి బాబూ."

ఇంత అమాయకంగా చెబితే మనిషిని ఏం చెయ్యాలి? సరే, జరిగింది. ఇదే మాట వాళ్లకు చెప్పి సరైన ప్రతి పంపితే సాయంత్రానికి ఖలాస్ అయిపోయే గొడవ. ఆయన అది తప్ప అన్నీ చేశాడు.

ముందు కరోనాని అడ్డం పెట్టుకున్నాడు. ఈ రోజుల్లో తుమ్ము వినిపిస్తే ప్రేక్షకులు ఇబ్బంది పడతారని తీశామని రాశాడు. ఎప్పుడో చనిపోయిన నటుడి తుమ్ము ఎవరికి అంటుకుంటుందని హెలెన్ జవాబిచ్చింది. తర్వాత యంత్రం మీదకి నెట్టాడు. సాఫ్ట్‌వేర్ తనంతట తానే చెత్త అనుకుని తీసేసిందన్నాడు. ఆ సంస్థలో ఒక సాంకేతికుడు ఉన్నాడు, చెవులున్నవాడు. యంత్రం తీస్తే చుట్టుపక్కలంతా మసకబారుతుంది, ఇక్కడ తుమ్ము మేరకే పోయింది, పక్క సన్నివేశం నుంచి హోరు తెచ్చి అతికారు, ఎవరో మంచి పనివాళ్లు చేత్తో చేశారు అని తేల్చాడు.

అక్కడ రజిత పనితనమే రజితకి ఎదురు తిరిగింది. భాస్కర్ మూడో సాకు దొరికిందనుకున్నాడు: ఆపరేటరు నిర్లక్ష్యం.

నేను ఆయన గది తలుపు వేసి నిలబడ్డాను.

"భాస్కర్! తుమ్ము అపశకునమని నీకు నిజంగా నమ్మకమేనా?"

"అదేంటండి అలా అడుగుతారు? మా తాతల నాటి నుంచీ..."

"అయితే హెలెన్‌తో అదే చెప్పు. నమ్మినవాడివి చెప్పుకోవడానికి ఏం?"

"వాళ్లు నవ్వుతారండి! మనవాళ్ల పరువేం కాను?"

"పదిమందిలో చెప్పుకోడానికి సిగ్గుపడేదాన్ని ఇంట్లో నమ్ముతావు, ఆఫీసులో అమలు చేస్తావు. లెక్క చెప్పాల్సి వచ్చేసరికి ఆ పిల్ల మెడకి చుడతావు. ఇదేం నమ్మకమయ్యా?"

"మీరు ఉపన్యాసాలు బానే చెప్తారు మాష్టారూ. ఈ కంపెనీ నడపాల్సింది నేను."

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదే. మూఢనమ్మకం ఒంటరిగా ఉన్నంతసేపు నవ్వులాటగానే ఉంటుంది. అధికారం చేతికి రాగానే దానికి బలి కావాలి. బలి ఎప్పుడూ కిందవాళ్లలోంచే దొరుకుతుంది.

రోలాలో చాయ్

వీడియో మీటింగు ఏర్పాటైంది. అంతకు ముందు రోజు సెలవు. సాయంత్రం రోలా వెళ్లాను. రజిత వాళ్ల బిల్డింగు కింద ఒక కెఫెటేరియాలో కూర్చున్నాం. పక్కన బస్టాపులో జనం, కూరగాయల సంచులు, నాలుగు భాషల కేకలు.

"ముదీర్ పిలిచిండు సార్," అంది. "మీటింగ్ల నీ నోటితోని నువ్వే చెప్పు, నా నిర్లక్ష్యం వల్ల అయ్యిందని. చెప్తే వీసా రెన్యువల్ వెంటనే చేయిస్త అన్నడు."

"చెప్పకపోతే?"

"చెప్పకుంటే ఏంది అని నేను అడగలే, ఆయన చెప్పలే. గడువు వచ్చే నెల్ల అయిపోతది. ఇద్దరికీ ఎర్కే."

నేను మొదలుపెట్టాను. అబద్ధం ఒకసారి ఒప్పుకుంటే జీవితాంతం మొయ్యాలని, వృత్తిలో పేరు ఒకసారి పోతే రాదని, ఆత్మగౌరవమని. మా ఊరి గ్రంథాలయంలో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది.

"సార్, ఒక మాటంట, ఏమనుకోకుండ్రి. మీదేం పోయె? మీరు ఇంకిన్ని దినాలల్ల రిటైరయితరు. నా కొల్వు పోతే నా ఒక్కదానిదే పోదు. పాప వీసా పోతది. సాలు నడిమిట్ల బడి మాన్పించి పట్కపోవాలె. మా ఆయన ఈడ లేబర్ క్యాంపుల ఒక్కడు, మేం ఆడ. ఆత్మగౌరవం అనుడు అల్కనే."

తర్కంలో ఇంతటి దెబ్బ నన్ను ఎవరూ కొట్టలేదు.

"అయితే నేను చెబుతాను మీటింగులో. నువ్వు నోరు విప్పకు," అన్నాను.

"మీరు చెప్తే, గీ పిల్ల ఏడ్చుకుంట మీ తాన్కి వచ్చిందంటరు. అయినా మీరు చెప్పినంక నన్ను ఉంచుకుంటడా?"

"మరేం చేస్తావు?"

"నాకే ఎర్కలేదు సార్. చల్లారుతుంది, చాయ్ తాగుండ్రి."

మళ్లీ తనే అంది. "తప్పు అయ్యిందంటే చెప్తుండె. పని చేసినప్పుడు తప్పయితది. కానీ గా మాట ఉన్నది చూడుండ్రి, నిర్లక్ష్యం. గా తుమ్ము కోసం ఎన్ని దినాలు చెవులు రిక్కించి కూసున్న! ఎవ్వలికీ ఇనపడనిది ఇనిపించేదాక తీసిన. నన్ను పట్టుకొని నిర్లక్ష్యమా?"

మీటింగు

గోడ మీద తెరలో హెలెన్, పక్కన ఆ సాంకేతికుడు. ఇటు భాస్కర్, నేను, రజిత. భాస్కర్ మర్యాదలన్నీ పూర్తి చేసి, జరిగినదానికి చింతిస్తున్నామని, ఆ వివరం మా ఆపరేటరే చెబుతుందని అన్నాడు. రజిత వైపు చూసి తల ఊపాడు.

ఆమె ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాలు. తెలుగులో చెబితే ఇది:

"ఆ తుమ్ము కోసింది నేనే. కొయ్యమని చెప్పారు, కోశాను. ఒక రోజు ప్రదర్శనకే అన్నారు. తుమ్ము ఉన్న ప్రతి కూడా నేనే తయారు చేసి ఉంచాను. మీకు వచ్చిన ఫైలు నేను పంపలేదు. నిర్లక్ష్యం అని చెప్పమన్నారు. ఆ మాట నేను చెప్పను. నేను నిర్లక్ష్యంగా పని చెయ్యలేదు."

భాస్కర్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

హెలెన్ అడిగింది, "కొయ్యమనడానికి కారణం ఏమిటి?"

నేను నోరు తెరిచాను. రజిత బల్ల మీద చెయ్యి కొంచెం ఎత్తి నన్ను ఆపింది. "ఆ కారణం నాది కాదు," అంది. "చెప్పినవారు ఇక్కడే ఉన్నారు."

భాస్కర్ అటూ ఇటూ చూశాడు. నీళ్ల గ్లాసు అందుకున్నాడు, దించాడు. చివరికి చెప్పాడు. మా వైపు ఒక ఆచారం ఉందని, ఎవరైనా బయలుదేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే మంచిది కాదని, కొత్త గది ప్రారంభమని. ప్రతి వాక్యానికీ గొంతు తగ్గుతూ పోయింది. తర్వాత, నేను అసలు ఆశించని మాట అన్నాడు. "ఫైలు పంపింది నేనే."

హెలెన్ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మా అమ్మమ్మ అరిష్టమని ఇంట్లో గొడుగు విప్పనిచ్చేది కాదు. అయితే సినిమాల్లో గొడుగుల జోలికి ఎప్పుడూ పోలేదు," అంది. తుమ్ము ఉన్న ప్రతి ఆ రోజే పంపమంది. ఆ తర్వాత చాలాసేపు ఆ సాంకేతికుడూ రజితా అతుకు ఎక్కడి హోరుతో వేసిందీ మాట్లాడుకున్నారు. భాస్కర్ ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. ముగించేముందు, అదే కాలం నాటకాలతో తీసిన మిగతా సినిమాలు కూడా ఈమె చేతి మీదుగానే రావాలని హెలెన్ చెప్పింది.

తర్వాత

ఇక్కడ న్యాయం గెలిచిందని మీరు అనుకుంటే నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. భాస్కర్ వసారాలో నన్ను ఆపి, "పరువు తీసేసిందండి," అన్నాడు. వీసా కాగితం బల్ల మీద అలాగే పడి ఉంది. నేను రోజూ వెళ్లి అడిగాను, రోజూ రేపన్నాడు. రజిత పాప బడి నుంచి బదిలీ కాగితాలకి ఏమేం కావాలో కూడా కనుక్కుని వచ్చింది. గడువు దగ్గర పడుతుండగా లండన్ నుంచి మిగతా సినిమాలు వచ్చాయి. అప్పుడు సంతకం పెట్టాడు. ఆమె పని అవసరమైంది కాబట్టి పెట్టాడు. ఆ సినిమాలు రాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నిజం చెప్పినవాళ్లకి అదృష్టం కూడా తోడు రావలసిన ఆఫీసు మంచి ఆఫీసు కాదు. మీలో ఎవరైనా రేపు భాస్కర్ కుర్చీలో కూర్చుంటే ఈ వాక్యం ఒక్కటి గుర్తుంచుకోండి, నేర్చుకున్న సాఫ్ట్‌వేరంతా మరిచిపోయినా ఫర్వాలేదు.

రజితకి నేను నేర్పినది చాలా ఉందని అనుకునేవాణ్ణి. పదవిలో ఉన్న చివరి వారం ఒక సంగతి జరిగింది. అప్పటికి ఆమె ఇంకో పాత హత్య సినిమా మీద ఉంది. మొదటి సన్నివేశంలో కిటికీ బయట గుడ్లగూబ కూస్తుంది. భాస్కర్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. మీటింగు తర్వాత ఆమెతో సరిగా మాట్లాడింది అదే మొదటిసారి అనుకుంటాను.

"ఆ గుడ్లగూబ కొంచెం తగ్గించొచ్చేమోనమ్మా?"

రజిత వెనక్కి తిరిగింది. గొంతులో ఎగతాళి లేదు, భయం మాత్రం కాస్త ఉంది.

"తగ్గిస్త సార్. ఎందుకో చెప్పుండ్రి. రేపు వాళ్లు అడుగుతరు, మీరు చెప్పిన కారణమే చెప్పాలె గద."

భాస్కర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాను.

"ఉండనీలే," అన్నాడు. తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్లిపోయాడు.

రజిత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గుడ్లగూబ కూత చుట్టూ పట్టిన గరగర తీసే పనిలో పడింది.